‘యాక్చువల్లీ’ అంటే ప్రతిసారీ ‘వాస్తవానికి’ కాదు

ఓటీటీల్లో విదేశీ సిరీస్‌ల తెలుగు సబ్‌టైటిల్స్ చూస్తుంటే ఒక మాట పంటి కింద రాయిలా తగులుతుంటుంది: ‘వాస్తవానికి’. కాఫీ తెచ్చిస్తే ‘వాస్తవానికి నాకు టీ కావాలి’ అనే మనిషిని మన ఇళ్లల్లో చూశామా? ఇంగ్లిష్‌లో ‘యాక్చువల్లీ’ కనబడగానే నిఘంటువులో మాటను తెచ్చి అతికిస్తే ఇలాగే ఉంటుంది.

యూరప్‌లో దీనితో తంటా వేరే రకం. లాటిన్ మూలం ఒకటే అయినా ఫ్రెంచ్ ‘అక్త్యుయెల్‌మాఁ’, స్పానిష్ ‘అక్తువల్‌మెంతే’, జర్మన్ ‘ఆక్టువెల్’ అన్నిటికీ అర్థం ‘ప్రస్తుతం’ అనే. ఆ అలవాటు వాళ్లు రాసే ఇంగ్లిష్‌లోకీ వచ్చేస్తుంది. యూరోపియన్ యూనియన్ లెక్కలు తనిఖీ చేసే సంస్థ ‘ఆడిటర్ల కోర్టు’, యూనియన్ పత్రాల్లో తప్పుగా వాడుతున్న ఇంగ్లిష్ మాటలతో ఒక జాబితానే తయారుచేసింది. అందులో ‘యాక్చువల్’ కూడా ఉంది.

మన చిక్కు అర్థం దగ్గర కాదు, పని దగ్గర. ఇంగ్లిష్ మాట ఒక్కటే అయినా కొన్నిసార్లు ఆశ్చర్యపోతుంది, కొన్నిసార్లు ఎదుటివాణ్ని సరిదిద్దుతుంది, కొన్నిసార్లు మొహమాటపడుతుంది. తెలుగులో ఈ పనులు చాలావరకు క్రియే చూసుకుంటుంది. పాడైందనుకున్న ఫ్యాన్ తిరిగితే ‘తిరుగుతోందే!’ అంటాం. ఆ చివరి దీర్ఘంలోనే ‘యాక్చువల్లీ’ ఉంది. తిట్టాడు, చెయ్యెత్తాడు, కానీ కొట్టలేదు అని చెప్పాలంటే ‘కొట్టడమైతే కొట్టలేదు’ అంటాం. ఇక్కడ ‘అసలు కొట్టలేదు’ అని రాస్తే చెయ్యెత్తిన సంగతి కూడా మాయమైపోతుంది. అరబిక్ నుంచి వచ్చిన ‘అసలు’కు ‘మూలం’ అనే అర్థం ఉంది (అసలు, వడ్డీ అనేది అందుకే). కానీ ‘లేదు’ పక్కన చేరితే అది ‘బొత్తిగా’ అయిపోతుంది.

మొహమాటం సంగతి మరీ సున్నితం. ఫైలు ఎందుకు ఆలస్యమైందని ఆఫీసులో అడిగితే ‘యాక్చువల్‌గా సార్...’ అని మొదలుపెడతారు. తర్వాత వచ్చేది సాకేనని అడిగినాయనకూ తెలుసు. అదే ‘నిజానికి సార్...’ అని మొదలుపెడితే ఇంతవరకు చెప్పింది అబద్ధమేమో అనిపిస్తుంది. జపనీయులు ఇబ్బందికరమైన విషయం ఎత్తుకునేముందు ‘జిత్సు వా’ అంటారు, దాని అక్షరార్థం ‘నిజానికి’ అనే. వాళ్లకు కుదిరింది మనకు కుదరదు.

‘గా’ తగిలించుకుని తెలుగు వేషం కట్టిన ‘యాక్చువల్‌గా’ను చూసి భాష చెడిపోయిందని బాధపడేవాళ్లున్నారు. నాకైతే ఆ బెంగ లేదు. దానికంటే ముందు నుంచీ ఆ చోట మనకు మాటలున్నాయి: ‘అది కాదండీ’, ‘మరేం లేదు’, ‘అంటే ఏంటంటే’. కాదనబోయేముందు ఎదుటివాళ్లను నొప్పించకుండా దారి చేసుకునే మాటలివి. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో ‘యాక్చువల్లీ’ పక్కన ఉండాల్సినవి ఇవే.

కాఫీ వద్దనే ఆ డైలాగుకు నా తెలుగు ఇది: ‘అది కాదు, టీ ఉంటే ఇస్తారా?’