సీల్ ఉన్న పాయలోకి కుక్కను పంపేదెవరు?

బ్రిటన్ తీరంలో చలికాలం బాతుల వేటకు వెళ్లేవాళ్లకు ఇప్పుడు ఓ కొత్త టెన్షన్ తోడైంది. కాల్చిన పక్షిని తేవడానికి కుక్క నీళ్లలోకి దూకుతుంది. అంతలో దాని పక్కనే సముద్రంలో బతికే సీల్ అనే జంతువు తల పైకి లేస్తుంది. ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడల్లా రెండు వాదాలు వినిపిస్తాయి. సీల్స్ మరీ ఎక్కువైపోయాయి, తగ్గించాలి అంటారు వేటగాళ్లలో కొందరు. అసలు అక్కడ మీకూ మీ కుక్కకూ ఏం పని అంటారు వేటంటే గిట్టనివాళ్లు. ఇద్దరి గొడవలో పడి కుక్కను ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే ఆ కుక్కకు ప్రమాదం మొదలయ్యేది ట్రిగ్గర్ మీద వేలు పడ్డప్పుడే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర అడవి బాతును కాల్చడం నేరం కాబట్టి, ఈ చర్చే కొందరికి వింతగా తోచవచ్చు. అక్కడ మాత్రం అది చట్టం ఒప్పుకున్న వ్యవహారం. సెప్టెంబర్ 1న సీజన్ మొదలై, సముద్రపు పోటు తాకే నేల మీద ఫిబ్రవరి 20 దాకా సాగుతుంది. వాష్ అఖాతం, హంబర్, సాల్వే, రిబిల్ నదీముఖాలు దీనికి పేరున్న చోట్లు. బాతులు, పెద్దబాతులు మేతకు, నిద్రకు మారే వేళల్లోనే, అంటే తెల్లవారుజామునో మునిమాపునో కాపు కాస్తారు. పడ్డ పక్షి చాలాసార్లు నీళ్లలోనో, మోకాలిదాకా దిగబడే బురదకు అవతలో పడుతుంది. అక్కడికి మనిషి వెళ్లలేడు. అందుకే లాబ్రడార్, చెసపీక్, స్పానియల్ లాంటి కుక్కలు. పక్షిని వెతికి తేలేని చోట కాల్చకూడదన్నది ఈ వేటలో పాత నీతి. గాయపడిన పక్షిని వదిలేసి వస్తే తోటివాళ్లే ముఖం చిట్లిస్తారు. ఈ నీతి మంచిదే, కానీ సీల్ విషయంలో కుక్కను ఇరకాటంలో పెడుతున్నదీ ఇదే.

తాతల కాలంలో ఈ సమస్య ఇంతగా లేదు. నార్ఫోక్‌లోని బ్లేక్నీ పాయింట్‌లో 2001లో గ్రే సీల్ అనే పెద్ద జాతి సీల్ పిల్లలు 25 పుడితే, ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ లెక్క మూడు వేలు దాటింది. లింకన్‌షైర్‌లోని డోనా నుక్‌లో ఏటా రెండు వేలకు పైగా పుడుతున్నాయి. ప్రపంచంలోని గ్రే సీల్స్‌లో మూడో వంతుకు పైగా బ్రిటన్ చుట్టూనే ఉన్నాయి. 1914లోనే వాటికి రక్షణ చట్టం తెచ్చిన దేశం అది. తాము కాపాడుకున్న జంతువు పెరిగిందని ఇప్పుడు విసుక్కోవడంలో అర్థం లేదు. మారాల్సింది వేట అలవాట్లు.

నీళ్లలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. పోటు ఎక్కుతుంటే నీళ్లు ఉప్పుబీడు (పోటుకు మునిగే తీరపు గడ్డినేల) మధ్య పాయల్లోకి పాకుతాయి. వాటి వెంట చేపలు, చేపల వెంట సీల్స్. కుక్క ఈదేదీ, బాతు పడేదీ ఆ పాయలోనే. మసక వెలుతురులో నల్ల లాబ్రడార్ తల, సీల్ తల ఒక్కలాగే ఉంటాయి. గుండ్రంగా, తడిగా, చెవులు పైకి కనిపించకుండా. గట్టు మీది మనిషికే తేడా చప్పున తెలియదు. సీల్‌కు కుతూహలం ఎక్కువ, చప్పుడైతే చూడటానికి వస్తుంది. చాలాసార్లు చూసి మునిగిపోతుంది, అంతే. కానీ పెద్ద మగ గ్రే సీల్ 300 కిలోల దాకా తూగుతుంది, లాబ్రడార్ ఓ ముప్పై కిలోలు. నేల మీదైతే కుక్క పరిగెత్తి తప్పించుకుంటుంది. నీళ్లలో దాని నాలుగు కాళ్లూ తేలడానికే సరిపోతాయి, పైగా నోట్లో పక్షి.

సీల్స్ కుక్కల్ని వేటాడతాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి దాడులు అరుదు. అలాగని గ్రే సీల్‌ను చేపలు తినే సాధుజంతువుగా చూడటం కూడా పొరపాటే. నెదర్లాండ్స్ తీరానికి చచ్చి కొట్టుకొచ్చిన, డాల్ఫిన్‌ను పోలిన పోర్పస్‌ల గాయాల్లో గ్రే సీల్ డీఎన్ఏ దొరికింది. మగ సీల్స్ తమ జాతి పిల్లల్నే చంపి తిన్న సందర్భాలు స్కాట్లాండ్‌లోని ఐల్ ఆఫ్ మే దీవిలో నమోదయ్యాయి.

కాబట్టి పాయలో సీల్ తల కనిపిస్తే ఏం చేయాలి? కుక్కను పంపకూడదని అందరూ ఒప్పుకుంటారు. చిక్కంతా అప్పటికే పక్షి పడి ఉండటంలో ఉంది. రెక్క విరిగిన బాతు నీటి మీద కొట్టుకుంటుంటే కుక్క వణుకుతూ యజమాని ముఖం చూస్తుంటుంది. 'పంపకపోతే నీతి తప్పినట్టే' అని మనసు పోరుతుంటుంది. ఆ క్షణంలో తీసుకునే నిర్ణయం సరిగ్గా ఉండటం కష్టం. ఒకసారి దూకాక, పక్షి మీదే చూపు పెట్టుకున్న కుక్కకు ఈల వినిపించకపోవచ్చు, వినిపించినా లెక్కచేయకపోవచ్చు. అందుకే నిర్ణయం కాల్చకముందే జరగాలంటాను. సీల్ కనిపించిన పోటులో నీటి మీదుగా వెళ్లే పక్షిని వదిలేయాలి. నేల మీద పడే పక్షినే కాల్చాలి, లేదా చోటు మార్చాలి. తేలేని చోట కాల్చకూడదన్న పాత నీతిని సరిగ్గా పాటించడమంటే కూడా ఇదే కదా. కుక్కను పంపే పరిస్థితి లేదంటే అది పక్షిని తీసుకురాలేని చోటే. దీనివల్ల కొన్ని మునిమాపులు ఉత్త చేతులతో తిరిగి రావాల్సి వస్తుంది. ఆ వేటలో అదేమీ కొత్త కాదు.

ఒడ్డున ముప్పు ఇంకో రకం. గ్రే సీల్స్ ఈనే కాలం వేట సీజన్‌కు సరిగ్గా మధ్యలో వస్తుంది. తూర్పు ఇంగ్లండ్‌లో నవంబర్, డిసెంబర్ నెలల్లో ఉధృతంగా ఉంటుంది. తెల్లటి బొచ్చుతో ఉన్న పిల్ల కదలకుండా పడి ఉంటుంది. తల్లి మూడు వారాల పాటు దాదాపు తిండి మానేసి దానికి పాలు ఇస్తుంది. వాసన పట్టుకుంటూ వెళ్లే కుక్క తల్లికీ పిల్లకీ మధ్య దూరితే తల్లి ఊరుకోదు. అక్కడ కుక్కను తాడుతో పట్టుకుని నడవడం తప్ప వేరే కిటుకేమీ లేదు. డిసెంబర్‌లో సీల్స్ చూడటానికి నార్ఫోక్‌లోని హోర్సీ బీచ్‌కు వెళ్లే మన తెలుగు కుటుంబాల్లో కుక్క ఉన్నవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది.

నష్టం ఎప్పుడూ కుక్కకే అనుకోవడానికీ లేదు. 2021 మార్చిలో లండన్‌లో, థేమ్స్ ఒడ్డున హ్యామర్‌స్మిత్ దగ్గర ఓ సీల్ పిల్లను తాడు విప్పి వదిలిన కుక్క కరిచింది. గాయాలు మానేవి కావని తేలడంతో ఆ సీల్ పిల్లకు డాక్టర్లు కారుణ్య మరణం ఇవ్వాల్సి వచ్చింది. రోగాల విషయానికొస్తే, 1987-88లో రష్యాలోని బైకాల్ సరస్సులో వేలాది సీల్స్‌ను చంపింది కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్సే. అంటార్కిటికా నుంచి 1994 నాటికి కుక్కలన్నింటినీ పంపించేయడానికి చెప్పిన కారణాల్లో సీల్స్‌కు ఈ జబ్బు అంటుతుందన్న భయమూ ఉంది. డిస్టెంపర్ టీకా వేయని కుక్కను ఆ బురదలోకి తీసుకెళ్లడం రెండు వైపులా అన్యాయం.

చేతిలో తుపాకీ ఉంది కదా అని సీల్ మీద ఎక్కుపెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే చట్టం ఒప్పుకోదు. ఇంగ్లండ్‌లో 2021 మార్చి 1 నుంచి సీల్స్ రక్షణకు ఉన్న 1970 నాటి చట్టాన్ని ఇంకా బిగించారు. చేపల వలల్ని కాపాడుకోవడానికి కాల్చానన్న పాత సాకు కూడా ఇప్పుడు చెల్లదు. స్కాట్లాండ్‌లో 2010 చట్టం కింద గుర్తించిన విశ్రాంతి స్థలాల్లో సీల్స్‌ను వేధించినా నేరమే. 2014లో ఒకేసారి 194 చోట్లను అలా గుర్తించారు.

ఇక కరిస్తే? సీల్ పంటిగాటు పైకి చిన్నగా కనిపించి లోపల లోతుగా ఉంటుంది. సీల్ నోట్లో ఉండే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవికి కణగోడ ఉండదు. ఆ గోడను దెబ్బతీసే పెనిసిలిన్ దాని మీద పనిచేయదు. మనుషులకు దానివల్ల వేలు వాచిపోయే జబ్బుకు టెట్రాసైక్లిన్ జాతి మందులు వాడతారు. కాబట్టి వెటర్నరీ డాక్టర్‌కు 'ఏదో గీరుకుంది' అనకుండా సీల్ కరిచిందనే చెప్పాలి. కుక్క గాయం కడిగినవాళ్లు తమ చేతులు కూడా చూసుకోవాలి. మనకు కాటు అనగానే గుర్తొచ్చేది రేబీస్. బ్రిటన్ సీల్స్‌లో ఆ సమస్య లేదు. 2024లో దక్షిణాఫ్రికా తీరంలో మాత్రం కేప్ ఫర్ సీల్స్ అనే మరో జాతిలో రేబీస్ బయటపడింది, వాటి కాటుకు కుక్కలూ గురయ్యాయి.

1908లో హల్ నగరంలో వేటగాళ్ల సంఘం పెట్టినప్పటి నుంచీ ఈ బాతుల వేట నడిచేది స్థానిక క్లబ్బుల మీదే. వేట పర్మిట్‌తో పాటు ఏ పక్షిని కాల్చవచ్చో, పోటు ఎప్పుడో, ఏ పాయ దాటకూడదో కొత్తవాళ్లకు నేర్పేది అవే. సీల్స్ ఎక్కడ ఈనుతున్నాయో, ఏ పాయల్లో తిరుగుతున్నాయో ఆ వారం చూసినవాళ్లు రాసిపెట్టే పుస్తకం ఒకటి క్లబ్బులో ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సీల్ ఉన్న నీటి మీద కాల్పులు వద్దన్న నిబంధనను పర్మిట్‌లోనే రాయాలి. లేకపోతే ప్రతి మునిమాపూ ఆ నిర్ణయం ఒంటరిగా నిలబడ్డ వేటగాడి మీద, చివరికి అతని కుక్క మీద పడుతుంది.