సవరణ: స్టార్‌కేడ్ 1983 ఫ్లెయిర్‌కు తొలి టైటిల్ కాదు

స్టార్‌కేడ్ 1983 అనే ప్రొఫెషనల్ రెజ్లింగ్ షోలో హార్లీ రేస్, రిక్ ఫ్లెయిర్ మధ్య జరిగిన కేజ్ మ్యాచ్ (ఇనుప బోనులో జరిగే పోటీ) గురించి నేను రాసిన సమీక్షలో "ఫ్లెయిర్ మొదటిసారి ఎన్‌డబ్ల్యూఏ ప్రపంచ ఛాంపియన్ అయిన రాత్రి" అని ఉంది. అందులో "మొదటిసారి"ని "రెండోసారి" అని చదువుకోగలరు. (ఎన్‌డబ్ల్యూఏ అంటే నేషనల్ రెజ్లింగ్ అలయన్స్, రెజ్లింగ్ సంస్థల కూటమి.) ఫ్లెయిర్ ఆ టైటిల్‌ను మొదటిసారి 1981 సెప్టెంబర్ 17న కాన్సాస్ సిటీలో డస్టీ రోడ్స్‌ను ఓడించి గెలిచాడు. 1983 జూన్‌లో సెయింట్ లూయిస్‌లో రేస్ ఆ ఛాంపియన్ బెల్ట్ లాక్కున్నాడు. రేస్‌కు అది ఏడోసారి. నవంబర్ 24న గ్రీన్స్‌బరోలో, స్టార్‌కేడ్‌లో ఫ్లెయిర్ దాన్ని తిరిగి దక్కించుకున్నాడు.

ఇది చిన్న తేడా కాదు. కొత్త కుర్రాడి గెలుపు అనుకుని చూస్తే మ్యాచ్ ఒకలా ఉంటుంది. చేజారిన బెల్ట్‌ను సొంత టెరిటరీలో (తన సంస్థ షోలు నడిపే ప్రాంతంలో), ఆ సంస్థ జిమ్ క్రాకెట్ ప్రమోషన్స్ అభిమానుల ముందు రాబట్టుకున్నాడని తెలిసి చూస్తే ప్రతి దెబ్బకూ బరువు పెరుగుతుంది. రెఫరీ జీన్ కినిస్కీ, ఆయనా మాజీ ఛాంపియనే, మరీ ఎక్కువగా కలగజేసుకున్నాడన్న నా అభిప్రాయంలో మాత్రం మార్పు లేదు.