ముందు గోడ, ఆ తర్వాతే పికిల్‌బాల్

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లను ఎవరిని కదిపినా ఇప్పుడు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) ముచ్చటే. సంఘానికి మనం కట్టే డ్యూస్ డబ్బులో కొంత మిగిలింది, దేనికి ఖర్చు పెట్టాలి? మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో వారాల తరబడి ఇదే చర్చ. కుర్రవాళ్లు టెన్నిస్ లాంటి ఆట పికిల్‌బాల్‌కు కోర్టు కావాలంటున్నారు. చిన్నపిల్లలున్నవాళ్లు స్విమ్మింగ్ పూల్ పక్కన నీడకు షేడ్ వేయించమంటున్నారు. గేటు దగ్గర కెమెరాలే ముందన్నది ఇంకొందరి మాట. ఇవన్నీ న్యాయమైన కోరికలే. కానీ చెరువు గట్టున మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఉన్న డబ్బు ముందు దానికే పెట్టాలని నా అభిప్రాయం.

ఒకసారి అటు వెళ్లి చూడండి. గోడ నడిమి భాగం బయటికి ఉబ్బింది. పై వరుస రాళ్ల మధ్య వేళ్లు దూరేంత సందు వచ్చింది. వెనక చేరిన నీళ్లు బయటికి పోవడానికి అడుగున వదిలిన రంధ్రాలు మట్టితో, గడ్డివేళ్లతో పూడిపోయాయి. వాన వెలిసి రెండు మూడు రోజులైనా గోడ పైనున్న నేలలో కాలు పెడితే దిగబడుతోంది. నీళ్లకు దారి లేక ఆ బరువంతా గోడ మీదే పడుతోంది. నల్లరేగడి గురించి గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఉత్తర టెక్సస్‌లో మన ఇళ్లు చాలావరకు అలాంటి నేల మీదే ఉన్నాయి. అందుకే వేసవిలో ఫౌండేషన్ చుట్టూ సోకర్ హోస్ (నీళ్లు మెల్లగా ఊరే గొట్టం) పరిచి నేల ఎండిపోకుండా చూసుకుంటాం. సొంత ఇంటి విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనం, అందరిదీ అయిన గోడను గాలికొదిలేశాం.

"ఇన్నేళ్లూ నిలబడింది కదా, ఇంకో రెండేళ్లు ఆగితే ఏమవుతుంది?" అని ఒక మిత్రుడు అడిగారు. ఆ ప్రశ్నకు ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్ గుర్తొస్తుంది. అక్కడి చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే కాండో (సొంత ఫ్లాట్ల) భవనంలో పూల్ డెక్ వాటర్‌ప్రూఫింగ్ పాడైందని, నీళ్లు పల్లానికి పోకుండా నిలిచిపోతున్నాయని 2018లోనే ఇంజనీర్ రిపోర్టు ఇచ్చారు. అప్పటి రిపేర్ అంచనా సుమారు 90 లక్షల డాలర్లు. ఖర్చు ఎక్కువని, ఇది ముందా అది ముందా అని ఓనర్ల మధ్య వాదాలు నడిచాయి, బోర్డులో రాజీనామాలు జరిగాయి. 2021 ఏప్రిల్‌కి ఆ అంచనా కోటిన్నర డాలర్లకు చేరింది. చిన్న ఫ్లాట్ వాటాయే 80 వేల డాలర్ల దాకా వచ్చింది. ఆ జూన్ 24 అర్ధరాత్రి దాటాక భవనంలో పెద్ద భాగం కుప్పకూలింది, 98 మంది చనిపోయారు. కూలడానికి కారణాలు ఎన్నైనా ఉండొచ్చు, చేయాల్సిన రిపేర్ ఏళ్ల తరబడి వాయిదా పడిందన్నది మాత్రం నిజం. మనవి విడివిడి ఇళ్లు, పన్నెండంతస్తుల భవనం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ గోడ కిందే పిల్లలు సైకిళ్లు తొక్కుతారు.

డబ్బు సంగతీ ఆలోచించండి. గోడ పడిపోయాక కట్టాలంటే మూడు లక్షల డాలర్లు అవుతుందనుకుందాం. ఇళ్లు మూడు వందలుంటే ఇంటికి వెయ్యి డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్, అంటే డ్యూస్ కాక అదనంగా కట్టాల్సిన వాటా. కొందరికి అది లెక్కలోకి రాదు. కానీ లేఆఫ్ అయి, హెచ్‌1బీ మీద ఉన్న 60 రోజుల గడువులో కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్న కుటుంబానికి అదే నెలలో ఆ బిల్లు వస్తే? కట్టకపోతే ఇంటి మీద లీన్ (బాకీ కింద ఇంటిపై హక్కు) వేసే అధికారం హెచ్‌ఓఏకు ఉంది. పెద్ద రిపేర్ల కోసం దాచే రిజర్వ్ ఫండ్‌లో ఏడాదికి కొంచెం కొంచెంగా వేసుకుంటూ వస్తే ఎవరి మీదా ఒక్కసారిగా భారం పడదు.

ఏది ఎంతకాలం మన్నుతుందో, ఎప్పుడు ఎంత ఖర్చవుతుందో చెప్పే రిజర్వ్ స్టడీ చేతిలో ఉంటే వాట్సాప్‌లో ఇంత వాదన అక్కర్లేదు. కాలిఫోర్నియాలో మూడేళ్లకోసారి, వర్జీనియాలో అయిదేళ్లకోసారి ఆ స్టడీ చట్టప్రకారం తప్పనిసరి. టెక్సస్‌లో అలాంటి నిబంధన లేదు కాబట్టి మనమే అడిగి చేయించుకోవాలి. అయితే టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లోని 209వ చాప్టర్ మనకు వేరే హక్కులిచ్చింది. బోర్డు మీటింగులకు ఓనర్లు ఎవరైనా వెళ్లొచ్చు. రెగ్యులర్ మీటింగైతే 144 గంటల ముందే నోటీసు ఇవ్వాలి. డ్యూస్ పెంచాలన్నా, స్పెషల్ అసెస్‌మెంట్ వేయాలన్నా అందరి ముందే తేల్చాలి. లెక్కల పుస్తకాలు అడిగి చూసే హక్కూ ఉంది. ఇన్ని ఉన్నా మీటింగుకు వచ్చే తెలుగువాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌కు వందలమంది వస్తాం, మన వీధి బాగోగులు తేల్చే మీటింగుకు మాత్రం రాం.

గోడ తర్వాత నేను అడిగేది చెరువు చుట్టూ ఉన్న వాకింగ్ ట్రయిల్. అదీ హెచ్‌ఓఏ ఆస్తే. అదే మట్టి దెబ్బకు ఒక కాంక్రీట్ పలక పైకి లేచింది, పక్కది కుంగింది. మలుపు దగ్గర లైటు వెలగడం లేదు. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ కారుండదు, తెలిసిన ఊరు కాదు. సాయంత్రం ఆ ట్రయిల్ మీద కలిసే నలుగురు పెద్దవాళ్లే వాళ్లకు లోకం. మోకాళ్ల నొప్పులతో, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ఆ లేచిన పలక దాటుతున్న పెద్దావిడను చూసినవాళ్లెవరూ, దాని రిపేర్ వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామనరు. పైగా పలకలు సరిచేయించి, లైటు మార్పించి, రెండు బెంచీలు వేయించడానికి పికిల్‌బాల్ కోర్టుకు అయ్యేంత ఖర్చు కాదు.

పికిల్‌బాల్ అడిగినవాళ్లు నామీద కోపం తెచ్చుకోవద్దు. వచ్చే బడ్జెట్ మీటింగులో నేను అడగబోయేవి ఇవి: గోడను స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో వెంటనే చూపించాలి, డ్రైనేజీతో సహా బాగుచేయించాలి, ట్రయిల్ పనులు ఈ ఏడాదే పూర్తి చేయాలి, రిజర్వ్ స్టడీకి బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి. ఆ స్టడీ వచ్చాక మిగిలే డబ్బులో కోర్టుకు ఏటా ఎంత పక్కన పెట్టవచ్చో లెక్క వేయాలని కూడా నేనే అడుగుతాను. కోర్టు కావాలనేవాళ్లు ఆరోజు వచ్చి నా పక్కన కూర్చోండి.