సవరణ: హాబిట్ క్యాంపులు మెలోనీ పెట్టినవి కావు

ఇటలీ రైట్ వింగ్ రాజకీయాల మీద పెట్టిన గత పోస్టులో, హాబిట్ క్యాంపులను 2022లో ఇటలీ ప్రధాని అయిన జార్జా మెలోనీ మొదలుపెట్టారని ఉంది. ఇవి రైట్ వింగ్ యువత శిబిరాలు; ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ ఫాంటసీ నవలల్లోని హాబిట్‌లనే పొట్టి మనుషుల పేరు వీటికి పెట్టుకున్నారు. అది తప్పు. మొదటి క్యాంపు 1977 జూన్‌లో, దక్షిణ ఇటలీలోని మోంతెసార్కియోలో జరిగింది. నడిపింది ఇటాలియన్ సోషల్ మూవ్‌మెంట్ కుర్రకారు. ఫాసిస్టు నియంత ముస్సోలినీ అనుచరులు 1946లో పెట్టుకున్న పార్టీ అది. అప్పటికి మెలోనీ నెలల పిల్ల. ఆమె తరం మొదలుపెట్టింది 1998 నాటి అత్రేయు అనే రాజకీయ ఉత్సవం. ఆ పేరూ ఒక ఫాంటసీ నవల హీరోదే.

ఆ కుర్రాళ్లకు టోల్కీన్ ఎందుకు నచ్చాడో కూడా చెప్పాలి. మిగతా పార్టీలు వాళ్లను దగ్గరికి రానిచ్చేవి కావు. పెద్ద శక్తికి ఎదురు నిలిచే చిన్నవాళ్ల కథలో తమను తాము చూసుకున్నారు. క్యాంపులో పాడిన ఒక బ్యాండ్ పేరే 'ఉంగరపు బృందం', టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి భాగం పేరు. ముస్సోలినీ పేరు ఎత్తకుండానే 'మనవాళ్లు' అనే భావన అలా అల్లుకుంది. నాకు అసలు ఆందోళన కలిగించేది ఇదే.

"అయితే టోల్కీన్ ఫాసిస్టా?" అని కొందరు అడిగారు. కాదు. 1938లో, నాజీల పాలనలో ఉన్న జర్మనీలోని ఒక ప్రచురణ సంస్థ ఆయన్ని ఆర్యుడివేనా అని అడిగితే, తనకు యూదు పూర్వీకులు లేనందుకు విచారిస్తున్నానని జవాబు చిత్తుప్రతిలో రాశాడు.