సవరణ: సింప్యూటర్ పూర్తి కంప్యూటరేనా?

బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు, ఎన్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి 2000ల మొదట్లో రూపొందించిన చేతిలో ఇమిడే చిన్న పరికరం సింప్యూటర్‌ను మొన్న 'డెస్క్‌టాప్‌కు బదులు పనికొచ్చే పూర్తి కంప్యూటర్' అని రాశాను. 'పూర్తి కంప్యూటర్' అన్నది ఉంచుతున్నాను, 'డెస్క్‌టాప్‌కు బదులు' అన్నది తీసేస్తున్నాను.

లోపల నడిచేది పెద్ద కంప్యూటర్లలో వాడే అసలైన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమే, 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్ మీద. మనకు కావలసిన ప్రోగ్రాం రాసి ఎక్కించుకోవచ్చు. నా దృష్టిలో కంప్యూటర్ అనడానికి అదే కొలత. అయితే ఆ ప్రోగ్రాం రాయడానికి మాత్రం పెద్ద పీసీ కావాల్సిందే: 320×240 తెర, కీబోర్డు లేదు, స్టైలస్‌తో, అంటే తెర మీద రాసే పుల్లతో, ఒక్కో అక్షరం ఎక్కించాలి.

స్మార్ట్‌కార్డు సంగతి కూడా చేర్చాను. తమ సమాచారం దాచుకున్న కార్డును ఎవరిది వాళ్లు పెట్టుకుని ఊరంతా ఒకే పరికరాన్ని వాడుకోవచ్చన్న ఆలోచన నిజంగా గొప్పది, దాన్ని వదిలేయకూడదు.