విట్లీ కోర్ట్ ఫౌంటెన్ వారికి విన్నపం

మహారాజశ్రీ పెర్సియస్–ఆండ్రొమెడా ఫౌంటెన్ వారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గాని, మీ ఎదుట నిలిచిన విట్లీ కోర్ట్ భవనానికి ఇప్పుడు పైకప్పు లేదు కనుక, ఆ కుశలం మీ ఒక్కరికే పరిమితం.

ఇంగ్లండులోని వూస్టర్‌షైర్‌కు వచ్చిన మావంటి సందర్శకులు ముందుగా ఆ మొండిగోడల మధ్య తిరుగుతారు. విందులు జరిగిన గదుల్లో ఇప్పుడు వాన కురుస్తుంది. పై అంతస్తులు కూలిపోయినా, చలి కాచుకునే పొయ్యిగూళ్లు ఎవరికీ అందని ఎత్తున గోడలకు అంటుకొని ఉన్నాయి. అక్కడినుంచి తోటలోకి దిగగానే కత్తిరించిన పొదలూ పూలమడులూ, వాటి నడుమ, గ్రీకు పురాణవీరుడు పెర్సియస్ సముద్రపు రాక్షసమత్స్యం బారినుంచి ఆండ్రొమెడా రాకుమారిని కాపాడే శిల్పంతో తమరూ దర్శనమిస్తారు. తోటమాలి ఉన్నాడు, ఇల్లు లేదు. ఇంత నిశ్చింత అయిన ఉద్యోగం మరొకటి ఉండదు.

బొగ్గు గనుల సొమ్ముతో డడ్లీ ప్రభువు 1850లలో ఈ భవనాన్ని ఇటలీ తీరులో తీర్చిదిద్దించి, తోటల పని ఉద్యానాల రూపశిల్పి విలియం నెస్‌ఫీల్డ్‌కు అప్పగించాడు. ఆవిరియంత్రం ఎత్తైన జలాశయానికి నీరు ఎక్కించగా, అక్కడినుంచి దూకి వచ్చిన నీటితో మీ రాక్షసమత్స్యం సుమారు 120 అడుగుల ధార చిమ్మేదట. ఇంతటి జలసంపద ఇంటి ముంగిట ఉండగా, 1937 సెప్టెంబరులో నేలమాళిగలో నిప్పు పుట్టిన రాత్రి, మీ నీటిని మంటలకు అందించవలసిన పంపు ఏళ్ల తరబడి ఆలనాపాలనా లేక మొరాయించింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవారి గురించి మాకు సామెత ఉంది గాని, తవ్విన బావి పక్కనే ఉండగా ఇల్లు కాల్చుకున్న ఘనతకు సామెత ఇంకా పుట్టలేదు.

భవనాన్ని ఆనుకొనే ఉన్న చర్చి మాత్రం బతికిపోయింది. దాని కప్పులోని చిత్రాలు కానన్స్ అనే మరో మహాసౌధం ఆస్తుల వేలంలో 1747లో కొన్నవి; ఒక ఇల్లు పోవడం ముందే చూసిన అనుభవం అక్కరకు వచ్చిందేమో!

ఇప్పుడు మీకు మరమ్మతులు జరిగాయి, భవనం మాత్రం అలాగే ఉంది. పెర్సియస్ మహాశయుడు ప్రకటించిన వేళలకే రాక్షసుడితో పోరాడతాడు, ఆండ్రొమెడా ఆపద కూడా సమయపాలన తప్పదు, మేము గడియారం చూసుకొని చప్పట్లు కొడతాం.

ఒక్కటే విన్నపం: గాలి ఉత్తరానికి తిరిగిన రోజున నాలుగు తుంపరలు ఆ గోడల మీదికి పోనివ్వండి, అవి పాత బాకీ కింద జమ వేసుకుంటాయి.

ఇట్లు,
గట్టున నిలబడి తడిసిన ఒక సందర్శకుడు