సగం ట్యూబు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సగం ట్యూబు గారికి,

తమరు క్షేమంగానే ఉంటారని మాకు తెలుసు. పెట్ షాపు కౌంటరు దగ్గరా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనూ తమరికి రాజభోగమే. "పెద్ద కుక్కల గోమార్ల మందు ట్యూబు ఒకటి కొనండి, సగం లాబ్రడార్‌కి, సగం పమేరియన్‌కి పోసేయండి" అని ఎవరైనా సలహా ఇచ్చారంటే తమరక్కడ కొలువుదీరినట్టే. డబ్బు మిగులుతుంది, గోమార్లు చస్తాయి, బొచ్చులో గెంతే చిన్న పురుగులు, అదే ఫ్లీస్, చస్తాయి. కుక్క సంగతి మాత్రం ఎవరూ అడగరు.

తమరి లెక్కలు ఒకసారి చూద్దాం. మెడ మీద పోసే ఫిప్రోనిల్ చుక్కల మందు 10 కిలోల లోపు కుక్కకి 0.67 మిల్లీలీటర్లు. 10 నుంచి 20 కిలోలకు 1.34, 20 నుంచి 40కి 2.68, 40 నుంచి 60కి 4.02. ఆ చివరి ట్యూబులో సగమంటే 2.01. పమేరియన్‌కి రాసిపెట్టినదానికి సరిగ్గా మూడింతలు! 30 కిలోల లాబ్రడార్‌కి కావాల్సింది 2.68, తమరు దానికి విదిల్చేది 2.01. పెద్దదానికి రాసిపెట్టినంత అందదు, చిన్నదాని ప్రాణం మీదికి రావచ్చు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

ఇంకాస్త దగ్గరగా చూస్తే ఇంకా బాగుంటుంది. ఆ మందులో మిల్లీలీటరుకి దాదాపు 100 మిల్లీగ్రాముల ఫిప్రోనిల్ ఉంటుంది. సరైన చిన్న ట్యూబు పోస్తే 10 కిలోల కుక్కకి కిలోకి 6.7 మిల్లీగ్రాములు పడుతుంది, 3 కిలోల పమేరియన్‌కి అదే ట్యూబుతో 22. అంటే చిన్న కుక్క బరువు తగ్గేకొద్దీ డోసు ముందే ఎక్కువ. 2 కిలోల లోపు, 8 వారాల లోపు కుక్కపిల్లలకు వాడొద్దని పెట్టె మీద అచ్చేస్తారు. తమరి చలవతో ఆ 22 కాస్తా 67 అవుతుంది. పైగా ఆ ట్యూబు మూతి విరిచి పోసేది, మళ్ళీ మూత పెట్టే వీల్లేదు. మిగిలిన సగం ఏ సిరంజిలోనో, ఏ మందుసీసాలోనో మూలన పడుంటుంది.

తమరికి తమ్ముడొకడున్నాడు, పేరు "ఇంకో డోసు". మందు పోసిన పది రోజులకు మళ్ళీ రెండు ఫ్లీస్ కనబడగానే వాడు తయారు. అవి కొత్తవి నాయనా! వాటి గుడ్లు, పిల్లపురుగులు, గూడు కట్టుకున్న ప్యూపాలు పరుపులో, సోఫా సందుల్లో ఉంటాయి. ప్యూపా గూడులోకి మందు దూరదు, నెలల తరబడి అలా ఉండి ఫ్లీ బయటికి రావచ్చు. దానికి కావాల్సింది వ్యాక్యూమ్, 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికిన దుప్పట్లు. కుక్క వీపు మీద ఇంకో ట్యూబు కాదు.

బంధువర్గంలో మరొకరు పశువుల మందుల కొట్టులో గోమార్ల కోసం దొరికే అమిట్రాజ్ 12.5 శాతం ద్రావణం. మూతతో అందాజుగా కొలిచి బకెట్లో కలుపుతారు. డోసు ఎక్కువైతే కుక్క మత్తుగా పడుంటుంది, గుండె నెమ్మదిస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. చివావా లాంటి బుల్లి జాతులకు ఇది మరీ పడదు. "పాపం, స్నానం చేసి హాయిగా పడుకుంది" అని ఇంట్లోవాళ్ళు మురిసిపోతుంటారు. ఇక పెర్మెత్రిన్ అనేది కుక్కల మందే అయినా ఇంట్లో పిల్లి ఉంటే దాని దరిదాపులకు రానివ్వకూడదు. పిల్లికి అది విషం.

తమరి కీర్తి అమెరికా దాకా పాకింది. చుక్కల మందుల మీద ఫిర్యాదులు పెరగడంతో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2009లో హెచ్చరించింది, 2010లో పరిశీలన ఫలితాలు వెల్లడించింది. ఎక్కువగా దెబ్బతిన్నవి చిన్న కుక్కలే. అందుకే బరువు తరగతులు ఇంకా ఇరుకుగా ఉండాలంది. 2018లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ, గోమార్లకు, ఫ్లీస్‌కి మింగించే ఐసోక్సజోలిన్ రకం బిళ్ళలతో కొన్ని జంతువులకు వణుకు, ఫిట్స్ రావచ్చని చెప్పింది. ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కకి ఆ బిళ్ళ ఇచ్చే ముందు డాక్టరుకు ఆ మాట చెప్పాలి.

తమరు ఇప్పటికే ఎవరింట్లోనైనా చేయి చేసుకుని ఉంటే ఇలా చేయమనండి. కుక్క చొంగ కార్చినా, మందు పోసినచోట గోకినా, ఎర్రబడినా చేతికి గ్లౌజులు వేసుకుని గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో గోరువెచ్చని నీళ్ళలో రెండుసార్లు కడగాలి. జిడ్డును వదిలించేది అదే. మెడికేటెడ్ షాంపూ, కొబ్బరినూనె, పసుపు వద్దు. వెంటనే తువాలుతో తుడిచి వెచ్చగా ఉంచాలి, చిన్న ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. నాకకుండా మెడకు గరాటు లాంటి కోన్ కట్టాలి. వణుకు, తూలుడు, ఫిట్స్ ఉంటే కడుగుతూ కూర్చోకుండా ట్యూబు, పెట్టె పట్టుకుని వెటర్నరీ డాక్టరు దగ్గరకి పరిగెత్తాలి. వాంతి చేయించే ప్రయత్నం అసలొద్దు.

ఇకపై తమరి స్థానంలో బరువు తూచే మిషన్‌ని నియమించాం. కుక్కను ఎత్తుకుని ఒకసారి, దించేసి ఒకసారి తూగితే వచ్చే తేడాయే దాని బరువు. ఆ బరువుకి తగ్గ ట్యూబు మొత్తం, వెంట్రుకలు పాయ తీసి తెల్లటి చర్మం కనబడ్డాక, భుజాల మధ్య, నాలుక అందనిచోట పోయాలి. షిట్జూ బొచ్చు మీద పోస్తే మందు వెంట్రుకల్లోనే ఆగిపోతుంది. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. ఇంట్లో రెండు కుక్కలుంటే మందు ఆరేదాకా ఒకదాన్నొకటి నాకనివ్వకుండా వేరే గదుల్లో ఉంచాలి.

ఛార్జి అప్పగించేటప్పుడు ఆ సిరంజిలో మిగిలిన మందు కూడా అప్పగించి వెళ్ళగలరు. కాలువలో మాత్రం పారబోయకండి, నీళ్ళలోని చేపలకు ఫిప్రోనిల్ పడదు.

ఇట్లు,
3 కిలోల కుక్కల తరఫున